అడవి పోయిన లెక్కన వచ్చే డబ్బు: కంపా నిధి కథ

2019 ఆగస్టు 29న కేంద్ర పర్యావరణ శాఖ 27 రాష్ట్రాలకు కలిపి కంపా నిధి కింద 47,436 కోట్ల రూపాయలు అప్పగించింది. ఒడిశాకు 5,933 కోట్లు, ఛత్తీస్‌గఢ్‌కు 5,791 కోట్లు, తెలంగాణకు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,734 కోట్లు. అటవీ శాఖలు ఒకేసారి ఇంత సొమ్ము చూడటం అదే మొదటిసారి. అడవులకు ఇక డబ్బు కొరత ఉండదని అప్పట్లో చాలామంది సంబరపడ్డారు కూడా.

ఆ జాబితాలో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అంత పైన ఎందుకున్నాయో ఇనుము, బొగ్గు గనుల మ్యాప్ పక్కన పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. ఈ డబ్బు ఏ ఆర్థిక మంత్రీ బడ్జెట్‌లో కేటాయించింది కాదు. గని కోసమో, ఆనకట్ట కోసమో, హైవే కోసమో, కరెంటు లైన్ కోసమో అటవీ భూమిని తీసుకున్నవాళ్లు కట్టిన పరిహారం. ఏ రాష్ట్రంలో అడవి ఎక్కువ పోయిందో ఆ రాష్ట్రానికి ఎక్కువ వచ్చింది. పొలం అమ్మగా వచ్చిన డబ్బు బ్యాంకులో ఉంటే దాన్ని ఏ రైతూ ఆదాయం అనుకోడు. కంపా నిధి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ప్రభుత్వాలు దాన్ని ఆదాయం లాగే చూస్తాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కంపా అంటే ప్రత్యామ్నాయ అటవీకరణ నిధిని చూసే సంస్థ. పేరు పొడుగ్గా ఉన్నా దాని వెనకున్న ఆలోచన చిన్నదే: ఇక్కడ అడవి తీసుకుంటున్నావు, ఇంకోచోట పెంచడానికి డబ్బు కట్టు. పేచీ అంతా ఆ ఇంకోచోటు ఎక్కడ, ఎవరిది, పెంచేదెవరు అన్న దగ్గరే.

ఒక నీలగిరి కేసు నుంచి

1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. కేంద్రం అనుమతి లేకుండా రాష్ట్రాలు అటవీ భూమిని వేరే పనికి వాడకూడదని అది చెప్పింది. అనుమతి ఇచ్చినప్పుడు ప్రత్యామ్నాయంగా మొక్కలు నాటాలని షరతు పెట్టడం అప్పటి నుంచీ ఉంది. షరతు కాగితం మీద ఉండేది, డబ్బు రాష్ట్ర ఖజానాలో కలిసిపోయేది, మొక్కలు ఎక్కడున్నాయని అడిగేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

1995లో టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ అనే పెద్దాయన నీలగిరుల్లోని గూడలూరు ప్రాంతంలో చెట్ల నరికివేత మీద సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆ ఒక్క కేసు దేశంలోని అడవులన్నిటి కేసుగా మారి ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 1996 డిసెంబరు 12న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, రికార్డులో అడవి అని రాసి ఉన్నదే కాకుండా మామూలు అర్థంలో అడవి అనిపించే భూమి కూడా చట్టం కిందికి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద అంత గొడవ జరిగినప్పుడు వాదన తిరిగిందీ దీని చుట్టూనే. ఆ నేల రెవెన్యూ రికార్డుల్లో అడవి కాదు; బుల్డోజర్లు దిగేదాకా అక్కడ చెట్లు, జింకలు, నెమళ్లు ఉన్నాయి. సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని పనులు ఆపించింది. డబ్బు సంగతికి వస్తే ఇందులో ఇంకో మెలిక ఉంది. భూమిని అడవిగా గుర్తించకపోతే దాన్ని తీసుకున్నవాళ్లు అనుమతి అడగనక్కర్లేదు, పరిహారం కింద ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. కాబట్టి కంపా లెక్కల్లో కనిపించేది పోయిన అడవి మొత్తం కాదు, రికార్డుకెక్కిన అడవిలో పోయిన భాగమే.

2002లో ఇదే కేసులో కోర్టు ఇంకో మాట చెప్పింది. మొక్కలు నాటే ఖర్చు ఒక్కటే కడితే సరిపోదు, అడవి పోవడం వల్ల కలిగే నష్టానికి కూడా విలువ కట్టి వసూలు చేయాలి, ఆ డబ్బు రాష్ట్ర ఖజానాలో కలవకూడదు, దానికో ప్రత్యేక సంస్థ ఉండాలి అంది. సంస్థ ఏర్పాటుకు 2004లో నోటిఫికేషన్ వచ్చింది కానీ సంస్థ నడవలేదు. 2006లో కోర్టే ఒక తాత్కాలిక కంపాను పెట్టించి, రాష్ట్రాల దగ్గరున్న సొమ్మంతా తెప్పించి జాతీయ బ్యాంకుల్లో వేయించింది. 2008లో లోక్‌సభ బిల్లు ఆమోదించింది, రాజ్యసభలో ఆగిపోయింది, ఆ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. 2009 నుంచి ఏడాదికి 1,000 కోట్ల చొప్పున మాత్రమే రాష్ట్రాలకు వదలడానికి కోర్టు ఒప్పుకుంది. వసూళ్లేమో అంతకంటే వేగంగా వస్తున్నాయి. అసలుకు వడ్డీ, వడ్డీకి కొత్త వసూళ్లు కలిసి కుప్పపడి, 2016లో చట్టం వచ్చేనాటికి మొత్తం 40 వేల కోట్లు దాటింది. నియమాలు రావడానికి మరో రెండేళ్లు, డబ్బు కదలడానికి ఇంకో ఏడాది. 2002లో కోర్టు చెప్పిన మాట 2019లో రాష్ట్రాల చేతికి డబ్బు రూపంలో అందింది. మధ్యలో గడిచింది పదిహేడేళ్లు. ఆ కాలంలో వేసిన టేకు తోట అయితే ఈపాటికి మధ్యవయసుకు వచ్చేది.

హెక్టారు అడవి ధరెంత?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 60 మీటర్ల వెడల్పున్న హైవే ఒకటి మన వైపు అడవుల్లోంచి ఆరున్నర కిలోమీటర్లు వెళ్తుందనుకోండి. అది సుమారు 40 హెక్టార్లు తింటుంది. రోడ్డు వేసే సంస్థను ఫైళ్లలో యూజర్ ఏజెన్సీ అంటారు. అది రెండు రకాల డబ్బు కట్టాలి.

మొదటిది నికర వర్తమాన విలువ. ఆఫీసుల్లో అందరూ ఎన్‌పీవీ అనే అంటారు. ఒక హెక్టారు అడవి రాబోయే ఇరవై ఏళ్లలో ఇచ్చే కలప, వంటచెరకు, పశువుల మేత, తునికాకు, తేనె, అది పట్టి ఉంచే నీళ్లు, ఆపే నేల కోత, దాచుకునే కార్బన్, ఇలాంటి వాటికి ధర కట్టి, ఆ మొత్తాన్ని ఇవాళ్టి రూపాయల్లోకి తగ్గించి రాస్తారు. 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న పట్టికలో ఇది అడవి రకాన్ని, దట్టాన్ని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా ఉంది. పద్నాలుగేళ్లు అవే రేట్లు. 2022 జనవరిలో టోకు ధరల సూచీ ప్రకారం ఒకటిన్నర రెట్లు చేశారు. మన దగ్గర ఎక్కువగా ఉండే ఆకురాల్చే పొడి అడవి, ఓ మోస్తరు దట్టంగా ఉన్నదైతే, ఇప్పుడు హెక్టారుకు సుమారు 12.28 లక్షలు. నలభై హెక్టార్లకు 4.91 కోట్లు. అదే అభయారణ్యంలోంచి వెళ్తే అయిదు రెట్లు, జాతీయ పార్కులోంచి అయితే పది రెట్లు. పల్లెల్లో హెక్టారు లోపు బడికో ఆసుపత్రికో అయితే మినహాయింపు ఉంది.

రెండోది మొక్కలు నాటి, ఏడు నుంచి పదేళ్లు సాకడానికయ్యే ఖర్చు. దీనితో పాటు తీసుకున్నంత విస్తీర్ణంలో అటవీయేతర భూమిని కొని లేదా సంపాదించి అటవీ శాఖకు అప్పగించాలి. అలాంటి భూమి లేదని ప్రధాన కార్యదర్శి సర్టిఫికెట్ ఇస్తే, లేదా ప్రాజెక్టు కేంద్ర ప్రభుత్వ సంస్థది అయితే, క్షీణించిన అటవీ భూమిలోనే రెండింతల విస్తీర్ణంలో నాటితే చాలు.

నాలుగు వరుసల హైవేకయ్యే ఖర్చు ముందు ఈ అయిదు కోట్లు చిల్లర. ప్రాజెక్టు అంచనాలో సిమెంటు, కంకర పక్కన ఇదొక వరుస. అడవిని తప్పించి రోడ్డును చుట్టు తిప్పాలంటే అంతకు చాలా రెట్లు అవుతుంది, ప్రైవేటు భూమి కొనాల్సి వస్తుంది, కోర్టు కేసులు పడతాయి. అడవిలోంచి వెళ్లకుండా చూసేంత భారంగా ఈ ధర లేదు. అడవిలోంచి వెళ్లడానికి రసీదు ఇచ్చేంత మాత్రమే ఉంది.

ఈ ధర కట్టే పద్ధతి మీద ఆర్థికవేత్త కంచన్ చోప్రా అధ్యక్షతన ఒక నిపుణుల కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. అడవి వల్ల లాభపడేవాళ్లు మూడు స్థాయుల్లో, అంటే ఊరి స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో, దేశ స్థాయిలో ఉంటారు కాబట్టి పరిహారం కూడా ఆ లెక్కనే పంచాలన్నది అందులోని ఒక ఆలోచన. 2016 చట్టంలో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి అని రాశారు. ఊరికి వాటా లేదు. రాజ్యసభలో బిల్లు చర్చకు వచ్చినప్పుడు గ్రామసభ అనుమతి ఉండాలని జైరాం రమేశ్ పట్టుబట్టారు. ఆ సంగతి నియమాల్లో చూసుకుంటామని మంత్రి అనిల్ మాధవ్ దవే హామీ ఇచ్చారు. 2018 నియమాల్లో వచ్చింది గ్రామసభను గానీ వన సంరక్షణ సమితిని గానీ సంప్రదించాలని. అటవీ శాఖ ఏర్పాటు చేసిన సమితిని అటవీ శాఖే సంప్రదిస్తే నియమం పాటించినట్టే.

నేల ఎక్కడుంది?

డబ్బు వసూలైంది సరే, నాటడానికి నేల కావాలి. ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ 2013లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. 2006 నుంచి 2012 దాకా అటవీ శాఖలకు ప్రత్యామ్నాయంగా రావాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు. వచ్చింది 28,086 హెక్టార్లు. అందులో మొక్కలు నాటింది 7,280 హెక్టార్లలో. రావాల్సిన నేలలో ఏడు శాతం. అప్పట్లో తాత్కాలిక కంపా ఖాతాలో వేల కోట్లు మూలుగుతూనే ఉన్నాయి.

క్షీణించిన అటవీ భూమిలో నాటడం మీద నాకున్న అభ్యంతరం వేరు. ఆ నేల రికార్డులో ముందే అడవి. అక్కడ రెండింతలు నాటినా మూడింతలు నాటినా రాష్ట్రంలో అటవీ భూమి ఒక్క సెంటు పెరగదు. రోడ్డు కిందికి పోయిన 40 హెక్టార్లు పోయినట్టే. పైగా ఆ నేలను బాగుచేయడం అటవీ శాఖ మామూలుగా ఎలాగూ చేయాల్సిన పని. ఆకురాల్చే పొడి అడవుల్లో నరికిన మొద్దుల నుంచి, నేలలో మిగిలిన వేళ్ల నుంచి చిగుళ్లు అవే వస్తాయి. పశువులు మేయకుండా, నిప్పు రాకుండా నాలుగైదేళ్లు కాపలా కాస్తే మద్ది, చిరుమాను, బిల్లుడు వాటంతట అవే లేస్తాయి. ఇది మొక్కలు నాటడం కంటే చవక, ఫలితమూ నయం. కానీ కాపలా కాసిన అడవికి ప్రారంభోత్సవం ఉండదు, లక్షల మొక్కలు నాటామని చెప్పుకునే వీలు ఉండదు.

అటవీయేతర భూమి దొరికినా అది ఖాళీగా ఉంటుందన్న నమ్మకం లేదు. రెవెన్యూ కాగితాల్లో బంజరు అని ఉన్న గుట్ట వాలు ఊరి గొర్రెలకు మేత బీడు. రికార్డులో అడవి అని ఉన్న చదును నేల ఇరవై ఏళ్లుగా ఒక కోయ కుటుంబం జొన్న, కంది వేసుకుంటున్న పోడు. 2019 జూన్ 30న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ మండలం కొత్త సార్సాలలో ఒక మహిళా రేంజ్ ఆఫీసర్ మీద జరిగిన దాడి వీడియో దేశమంతా చూసింది. ట్రాక్టర్ మీద నిలబడ్డ ఆమెను కర్రలతో కొట్టారు. ఆమె అక్కడికి వెళ్లింది కాళేశ్వరం ప్రాజెక్టుకు పోయిన అడవికి బదులుగా మొక్కలు నాటే నేల చదును చేయించడానికి. ఆ ప్రాజెక్టుకు మూడు వేల హెక్టార్లకు పైగా అటవీ భూమి ఇచ్చారు. కాలువలు, పంపుహౌసులు ఎక్కడో, నీళ్లు ఇంకెక్కడో, వాటి బదులు మొక్కల కోసం గొడవ పడింది గోదావరి నీళ్లతో సంబంధం లేని ఒక ఊరు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ దగ్గర జరిగిన గొడవలో ఇంకో రేంజ్ ఆఫీసర్ ప్రాణమే పోయింది. దాడి చేసినవాళ్లను సమర్థించలేం. కానీ ఈ రెండు చోట్లా ఎదురెదురు నిలబడ్డది ఎవరో చూడండి: ఒక చిన్న ఉద్యోగి, నేల సాగుచేసుకునే ఊరివాళ్లు. భూమిని తీసుకున్న ప్రాజెక్టు తాలూకు మనిషి ఆ దరిదాపుల్లో లేడు.

నేల దూరం ఇంకా పెరగొచ్చు కూడా. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమికి 2022లో మొదటి దశ అనుమతి ఇచ్చారు. ఎడతెగని వానలు పడే దీవిలోని అడవి అది. అండమాన్ నికోబార్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా అడవే కాబట్టి నాటడానికి అక్కడ చోటు లేదు. బదులు మొక్కలు హరియాణాలో. ఆ రెండింటి మధ్య రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం. ఒకచోట తోలుతాబేలు గుడ్లు పెట్టే తీరం, రెండోచోట ఆరావళి ముళ్లపొదలు. హెక్టారుకు హెక్టారు లెక్క మాత్రం సరిపోతుంది.

డబ్బు కాలెండర్, వాన కాలెండర్

2018 నియమాల ప్రకారం ఎన్‌పీవీ కింద వచ్చిన సొమ్ములో కనీసం 80 శాతం అడవుల, వన్యప్రాణుల పనులకు పెట్టాలి. మొక్కలు, నేల-తేమ పరిరక్షణ కందకాలు, అగ్గి నివారణ గీతలు, నీటి తొట్లు, అభయారణ్యాల నుంచి ఇష్టపూర్వకంగా బయటికి వచ్చే ఊళ్ల తరలింపు, అడవి అంచు ఊళ్లకు వంటచెరకు ఆదా చేసే పొయ్యిలు, ఇలాంటివి. 20 శాతం దాకా సిబ్బంది వసతులకు, శిక్షణకు. చేయకూడని వాటి జాబితా కూడా ఉంది: రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు, విదేశీ యాత్రలు, రేంజ్ ఆఫీసర్ కంటే పై స్థాయి అధికారుల ఇళ్లు, ఆఫీసులు, వాటికి ఫర్నిచర్, ఏసీలు, జూల విస్తరణ.

ఇంత స్పష్టంగా రాసి ఉన్నా ఏం జరిగిందో ఉత్తరాఖండ్ మీద 2025 ఫిబ్రవరిలో వచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. కంపా డబ్బులో 13.86 కోట్లు వేరే వాటికి మళ్లించారు. అందులో ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు, కూలర్లు, భవనాల మరమ్మతులు, కోర్టు ఖర్చులు ఉన్నాయి. సుప్రీంకోర్టు సంజాయిషీ అడిగింది. మీడియా అంతా ఐఫోన్ల దగ్గర ఆగిపోయింది. అదే నివేదికలో నాటిన మొక్కల్లో బతికింది 33 శాతం చిల్లర అని ఉంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ ప్రమాణం ప్రకారం 60 నుంచి 65 శాతం బతకాలి. నిధి మీద రాష్ట్రం కట్టాల్సిన వడ్డీ సుమారు 275 కోట్లు కట్టలేదని కూడా ఉంది. ఐఫోన్ల కంటే ఇవి రెండూ పెద్ద సంగతులు.

మొక్కలు ఎందుకు చస్తాయో అర్థం కావాలంటే రేంజ్ ఆఫీసులో సంవత్సరం ఎలా గడుస్తుందో చూడాలి. ఈ వానాకాలం నాటాల్సిన మొక్క నిరుడే నర్సరీ సంచిలో ఉండాలి. కాస్త ఎత్తుగా, గట్టిగా ఉన్నది కావాలంటే ఏడాదిన్నర ముందు. గుంతలు ఏప్రిల్, మే ఎండల్లో తవ్వి వదిలేయాలి, మట్టి ఎండి గుల్లబారాలి. మొదటి రెండు మూడు మంచి వానలు పడి నేల తడిశాక, జూన్ ఆఖరు నుంచి జులై లోపు నాటాలి. అప్పుడు వేరుకు మూడు నెలల తడి దొరుకుతుంది. సెప్టెంబరులో నాటిన మొక్క ఫోటోలో అచ్చం జులై మొక్క లాగే ఉంటుంది, వచ్చే మే నెలలో మాత్రం ఎండుపుల్లై కనిపిస్తుంది.

ఇక డబ్బు దారి. డివిజన్ నుంచి ప్రతిపాదనలు వెళ్తాయి. రాష్ట్ర కంపా కార్యనిర్వాహక కమిటీ వాటిని వార్షిక కార్యాచరణ ప్రణాళికగా కూరుస్తుంది. దాన్ని ఏపీవో అంటారు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన స్టీరింగ్ కమిటీ చూడాలి. తర్వాత ఢిల్లీ ఆమోదం. తర్వాత రాష్ట్ర బడ్జెట్‌లో పద్దు ఉండాలి, ఎందుకంటే డబ్బు రాష్ట్ర పబ్లిక్ ఖాతాలోనే ఉన్నా శాసనసభ ఆమోదం లేకుండా తీయలేరు. ఆపైన ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు, ట్రెజరీ, బిల్లు. మార్చి ఆఖరుకు ముగియాల్సిన తతంగం ఆగస్టు దాకా సాగితే బీట్ ఆఫీసర్, అంటే అడవిలో ఒక చిన్న భాగాన్ని కాపలా కాసే కిందిస్థాయి ఉద్యోగి, చేయగలిగేది రెండే: తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తెచ్చి కూలీలను పెట్టి గుంతలు తీయించడం, లేదా డబ్బు వచ్చాక సెప్టెంబరులో నాటడం. బిల్లులు పెండింగ్ అనే టెన్షన్ కాంట్రాక్టర్లకే అనుకుంటాం. అడవిలో అది మొక్క ప్రాణానికి చుట్టుకుంటుంది.

అడవుల కేసుల్లో సుప్రీంకోర్టుకు సాయపడే కేంద్ర సాధికార కమిటీ చూసిన లెక్కల్లో ఈ జాప్యం రూపాయల్లో కనిపిస్తుంది. 2019-20 నుంచి 2023-24 దాకా దేశవ్యాప్తంగా ఏపీవోల కింద ఆమోదించింది 38,516 కోట్లు. రాష్ట్రాలు తమ అటవీ శాఖలకు విడుదల చేసింది 29,311 కోట్లు. ఖర్చయింది 26,001 కోట్లు. నాటాల్సిన విస్తీర్ణంలో దాదాపు 85 శాతం నాటామని రాష్ట్రాలు చెప్పాయి. 2013 నాటి ఏడు శాతంతో పోలిస్తే చాలా మెరుగని ఒప్పుకోవాలి. ఆమోదం పొందిన దాంట్లో తొమ్మిది వేల కోట్లు మాత్రం ఆర్థిక శాఖల గడప దాటలేదు. వడ్డీ వచ్చే, ఏడాది ముగిసినా మురిగిపోని ప్రత్యేక ఖాతా అని చట్టం ఎంత చెప్పినా, ఆ ఖాతా ఉన్నది రోజువారీ ఖర్చులకు వెతుక్కునే ఖజానాలోనే.

జీతం ఇవ్వలేని నిధి

కంపా నియమాల్లో నాకు వింతగా తోచేది రెగ్యులర్ జీతాల మీద ఉన్న నిషేధం. దాని వెనక మంచి ఉద్దేశమే ఉంది: రాష్ట్రాలు తమ జీతాల భారం ఈ నిధి మీదికి తోసేస్తాయన్న భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ అడవిని కాపాడేది మనిషి. కలప దొంగను ఆపేది, వేసవిలో నిప్పు చూసి పరుగెత్తేది, ఊళ్లో గొర్రెల కాపరితో మాట్లాడి మూడేళ్లు ఈ గుట్ట వదిలేయమని ఒప్పించేది బీట్ ఆఫీసరే. ఖాళీగా ఉన్న బీట్ పోస్టుల భర్తీ రాష్ట్ర సొంత బడ్జెట్ మీద, నియామకాల బోర్డు మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ వాటి వేగంతో అవి నడుస్తాయి. కంపా డబ్బుతో వేసవి నాలుగు నెలలకు ఫైర్ వాచర్లను కూలీ మీద పెట్టుకోవచ్చు, వాళ్లకు బేస్ క్యాంపు కట్టొచ్చు. అయిదో నెలలో ఆ వాచర్ ఏం చేస్తాడన్నది నిధికి పట్టదు. ఒక బీట్ ఆఫీసర్ రెండు మూడు బీట్లు చూస్తున్నచోట మొక్కలకు డబ్బు ఎంత పోసినా చూసుకునేది ఆ ఒక్కడే.

రాష్ట్రాల సొంత బడ్జెట్‌లో అటవీ శాఖకు ఎందుకింత తక్కువ అని అడిగితే ఒకప్పటి కారణం ఒకటుంది. అడవి అంటే ఆదాయమిచ్చే శాఖ. టేకు, వెదురు, తునికాకు వేలం వేసి ఖజానాకు పంపేది. 1996 తర్వాత నరికివేత మీద ఆంక్షలు వచ్చాక ఆదాయం తగ్గింది, శాఖ హోదా కూడా దాంతో పాటే తగ్గింది. అడవిని ఉంచుకున్నందుకు రాష్ట్రాలకు ఎంతో కొంత ఇవ్వాలన్న వాదనను ఆర్థిక సంఘాలు కొంతవరకు విన్నాయి. 13వ ఆర్థిక సంఘం అడవుల కోసం 5,000 కోట్ల గ్రాంటు ఇచ్చింది. 14వ సంఘం పద్ధతి మార్చి, కేంద్ర పన్నుల వాటా పంచే సూత్రంలోనే అటవీ విస్తీర్ణానికి 7.5 శాతం బరువు పెట్టింది. 15వ సంఘం దాన్ని 10 శాతం చేసింది. మొత్తంలో ఇది కంపా కంటే చాలా పెద్ద డబ్బు. అడవి పోయినందుకు కాకుండా ఉన్నందుకు వచ్చే డబ్బు కాబట్టి సూత్రం రీత్యా ఇదే సరైనది. అయితే పన్నుల వాటా మీద షరతులుండవు. అడవి పేరుతో వచ్చిన రూపాయి పింఛన్లకు పోవచ్చు, రుణమాఫీకి పోవచ్చు. అది రాష్ట్రాల హక్కు, దాన్ని తప్పుపట్టలేం. ఫలితంగా షరతులున్న డబ్బు అడవి పోతే వస్తోంది, షరతులు లేని డబ్బు అడవి ఉంటే వస్తోంది. అటవీ శాఖ చేతికి నేరుగా దక్కేది మొదటిదే. నా దృష్టిలో మార్చాల్సింది ఈ వరసనే. ఆర్థిక సంఘం ఇచ్చే బరువులో చిన్న భాగాన్నయినా బీట్ పోస్టులకు ముడిపెట్టే మార్గం వెతకాలి, కంపా నుంచి జీతాలు తోడటం కంటే అది నయం.

2023 అక్టోబరులో కేంద్రం గ్రీన్ క్రెడిట్ నియమాలు తెచ్చింది. కంపెనీలు డబ్బు పెడితే క్షీణించిన అటవీ భూమిలో అటవీ శాఖ మొక్కలు పెంచుతుంది, కంపెనీకి క్రెడిట్లు వస్తాయి. వాటిని ప్రత్యామ్నాయ అటవీకరణ బాధ్యత కింద చూపించుకునే వీలు కూడా పెట్టారు. అంటే మళ్లీ అదే నేల, మళ్లీ అదే బీట్ ఆఫీసర్, ఇంకో ఖాతా.

మీ జిల్లాలో ఈ డబ్బు ఏమైందో తెలుసుకోవడం మరీ కష్టమేం కాదు. అటవీ అనుమతుల ఫైళ్లు కేంద్రం పరివేష్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఏ ప్రాజెక్టుకు ఎన్ని హెక్టార్లు, బదులుగా ఏ మండలంలో ఏ సర్వే నంబరు అన్నది అక్కడ ఉంటుంది. డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్‌వో) ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడు కాగితాలు అడగండి. ఆ ప్లాంటేషన్ జర్నల్ ఒకటి, అందులో ఏ నెలలో నాటారో, ఏయే ఏడు ఎన్ని బతికాయో రాస్తారు. ఆ ఏడాది ఏపీవోలో మంజూరైంది, విడుదలైంది, ఏ తేదీన అన్నది రెండోది. అటవీయేతర భూమి తీసుకుని ఉంటే, దాన్ని 1967 అటవీ చట్టం సెక్షన్ 15 కింద రిజర్వు అడవిగా ప్రకటించిన గెజిట్ కాపీ మూడోది. రిజర్వు చేయబోతున్నామని చెప్పే సెక్షన్ 4 నోటిఫికేషన్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే పని సగంలో ఉన్నట్టు, రేపు ఎవరైనా ఆ నేల మీద పేచీ పెట్టొచ్చు. మూడూ చేతికొచ్చాక అన్నిటికంటే ముందు జర్నల్‌లో నాటిన నెల చూడండి.